చదివి చదివి ఊడిన పుస్తకాలు: ఒక మరమ్మతు డైరీ

దశ 1: లెక్క, కొలత

ఇంట్లో పిల్లల పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటిలో విడిపోయినవి 27. రోజూ రాత్రి చేతికొచ్చేవి ఈ 27 పుస్తకాలే. మిగతావి కొన్నప్పటిలాగే నిగనిగలాడుతున్నాయి, ఎవరూ ముట్టుకోరు కాబట్టి. అందుకే "మీకు బాగా ఇష్టమైనవి ఏవర్రా" అని పిల్లల్ని అడగాల్సిన పని పడలేదు. అడిగినా నిన్న కొన్నదాని పేరే చెప్తారు.

మా ఇంట్లో చదివే పద్ధతి ఇది. మంచం మీద మధ్యలో మా అత్తయ్య కూర్చుంటుంది. కుడివైపు పెద్దది, ఎనిమిదేళ్లు. ఎడమవైపు చిన్నోడు, నాలుగేళ్లు. పుస్తకం అత్తయ్య ఒళ్లో ఉంటుంది. బొమ్మ కనబడటం లేదని చిన్నోడు అటు లాగుతాడు, పెద్దది ఇటు లాగుతుంది. ఒక్కరే చదువుకునే పుస్తకానికి అంచులు నలుగుతాయి, మూలలు మడతపడతాయి. కలిసి చదివే పుస్తకానికి మాత్రం వెన్ను విరుగుతుంది. కాబట్టి మరమ్మతు ఎలా చేసినా, పుస్తకం ఇద్దరి వైపూ చదునుగా తెరుచుకోవాలి. చూడ్డానికి ఎంత బాగున్నా, తెరుచుకోకపోతే మళ్లీ లాగుతారు, మళ్లీ విరుగుతుంది.

ఏది ఎలా పాడైందో చూసి వేరుచేశాను:

1. సెంటర్ పిన్ పుస్తకాలు (మధ్యలో రెండు పిన్నులు కొట్టిన పల్చటి బొమ్మల పుస్తకాలు): 12
2. వెన్నుకి జిగురు పూసి అతికినవి, అంటే పర్‌ఫెక్ట్ బైండింగ్: 7
3. సెలోటేపు వేసి వేసి పసుపుపచ్చగా, జిడ్డుగా తయారైనవి: 4
4. అట్ట పేజీల బోర్డు పుస్తకాలు: 3
5. పాత చందమామల కట్ట, లావుగా బైండు చేయించినది: 1

కొలత లేకుండా బాగుపడిందో లేదో చెప్పలేం. నేను వాడిన కొలత చాలా తేలిక. పుస్తకం మధ్య పేజీ తెరిచి బల్ల మీద పెట్టాలి. చేయి తీసేయాలి. పేజీ ఎక్కడ బాగా ఎత్తుగా లేచి నిలబడిందో అక్కడ స్కేలు నిలబెట్టి మిల్లీమీటర్లలో చూడాలి. దీన్ని 'లేపు' అని రాసుకున్నాను. లేపు ఎంత తక్కువైతే అంత మంచిది. 15 లోపు ఉంటే అత్తయ్య ఒక చేత్తో పట్టుకుని చదవగలదు. 30 దాటితే రెండు బొటనవేళ్లతో నొక్కిపెట్టాలి, ఇక పేజీ తిప్పడానికి చెయ్యి మిగలదు.

పోల్చుకోవడానికి ఒక గట్టి పుస్తకం కావాలి కదా. మా ఆయన చిన్నప్పటిది, మాస్కో రాదుగ ప్రచురణాలయం వాళ్ల తెలుగు అనువాదం ఒకటి ఉంది. 1980ల నాటిది. అట్ట రంగు వెలిసింది తప్ప ఒక్క పేజీ కదల్లేదు. లేపు 9 మి.మీ. వెన్ను దగ్గర విప్పార్చి చూస్తే కారణం కనబడుతుంది: షీట్లని కొన్నికొన్ని కలిపి ఫారాలుగా మడిచి, ప్రతి ఫారాన్నీ మడత మధ్యలోంచి దారంతో కుట్టారు. జిగురు పని తక్కువ, దారం పని ఎక్కువ. ఆ తర్వాత చేసినదంతా దీని దగ్గరికి చేరుకోవడానికే.

దశ 2: సామాను, టేపు వదిలించడం

కాగితం, అట్ట, బైండింగ్ గుడ్డ కోసం చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరున్న ఆండర్సన్ స్ట్రీట్‌కి వెళ్తే సరిపోతుంది. పెళ్లి కార్డుల కొట్ల మధ్యలోనే కాగితం హోల్‌సేల్ కొట్లు ఉంటాయి. తమిళం రాకపోయినా పరవాలేదు, 'కాలికో' (బైండింగ్ గుడ్డ) అన్నా 'గ్రే బోర్డు' (గట్టి అట్ట) అన్నా అందరికీ తెలుసు.

నార దారం (ఆన్‌లైన్‌లో) 320
ఫెవికాల్ అర కిలో 150
కాలికో గుడ్డ ఒక మీటరు 140
గ్రే బోర్డు రెండు షీట్లు 120
సన్నటి చేతి కాగితం అయిదు షీట్లు 200
కట్టర్, బ్లేడ్లు 60
దబ్బనం 20, సూదులు 30, తేనెమైనం ముక్క 20
మెడికల్ షాపులో గాజు గుడ్డ (కట్లు కట్టేది) 45
బ్రష్ 35

ఖర్చు ఇప్పటికి: 1,140 రూపాయలు.

కొననవసరం లేనివి: మడత నొక్కడానికి స్టీలు గరిటె వెనకభాగం, బరువుకి రెండు చెక్కపలకలు, వాటిమీద సన్నికల్లు. ప్రెస్సు కొందామనుకున్నాను గానీ సన్నికల్లు ముందు అది దండగ.

దారం విషయంలో పిసినారితనం వద్దు. ముందు ఇంట్లో ఉన్న పాలిస్టర్ దారంతో ఒక పుస్తకం కుట్టి చూశాను. దారం తెగలేదు, కాగితమే తెగింది. సన్నగా, గట్టిగా, సాగే గుణంతో ఉండే దారం మడతలో కాగితాన్ని కోసేస్తుంది. నార దారానికి మైనం పట్టిస్తే కన్నంలో జారకుండా నిలబడుతుంది, ముడి ఊడదు.

టేపు పుస్తకాల సంగతి: టేపు కాగితాన్ని కొన్నేళ్లు పట్టి ఉంచుతుంది, తర్వాత పైన ప్లాస్టిక్ రాలిపోయి కింద జిగురు మరక మాత్రం ఉండిపోతుంది. వదిలించే పద్ధతి:

1. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, జానెడు దూరంలో పట్టుకోవాలి.
2. టేపు ఒక మూల లేచాక, దాన్ని పైకి లాగకుండా వెనక్కి మడిచి, పేజీకి ఆనించినట్టే మెల్లగా లాగాలి.
3. మిగిలిన జిగురు మీద మామూలు రబ్బరు ముక్కతో ఒకే దిశలో రుద్దాలి.

బొమ్మ మీద రంగు లేస్తున్నట్టు కనబడితే అక్కడే ఆపేయడం మేలు. టేపు మరక ఉన్న బొమ్మ, బొమ్మ లేని మరక కంటే నయం. చిరుగుల మీద కొత్త టేపు బదులు చేతి కాగితం సన్నపట్టీలు, లై (మైదా జిగురు) పెట్టి అతికాను. పట్టీని కత్తెరతో కోయకుండా, తడి బ్రష్‌తో గీత గీసి చింపితే అంచున పోగులు బయటికొస్తాయి. ఆ పోగులే పేజీలో కలిసిపోతాయి, అతుకు చేతికి తగలదు.

లై కొలత: మైదా ఒక స్పూను, నీళ్లు అయిదు స్పూన్లు. ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద గాజులా మెరిసేదాకా ఉడికించి, చల్లారాక గుడ్డలో వడకట్టాలి. చెన్నై ఎండకి మర్నాటికే పులిసిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది. పాతకాలం బైండర్లు పురుగు పట్టకుండా దీంట్లో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. మా చిన్నోడు పుస్తకం మూల నోట్లో పెట్టుకునే రకం, కాబట్టి కలపలేదు. సిల్వర్‌ఫిష్ పురుగులకి లై అంటే ఇష్టమే, అందుకే లై పల్చగా మాత్రమే వాడాను.

పూర్తయినవి: 27లో 4. ఖర్చు: 1,140.

దశ 3: సెంటర్ పిన్ పుస్తకాలు

మా ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ. పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితాన్ని తినేసి, కన్నాలు పెద్దవై, మధ్య పేజీలు ముందు ఊడతాయి. కొత్త పిన్ను కొట్టినా మళ్లీ అదే కథ. అందుకని పిన్నులు తీసేసి దారంతో కుట్టాను.

పిన్ను తీసేటప్పుడు స్టేప్లర్ రిమూవర్ వాడితే కాగితం చినుగుతుంది. మొండి కత్తి కొనతో లోపలివైపు కాళ్లు నిటారుగా లేపి, వెనకనుంచి పిన్నుని పైకి తీయాలి.

వెన్ను పొడవు 210 మి.మీ. ఉంటే కన్నాలు పై అంచు నుంచి 25, 65, 105, 145, 185 దగ్గర వేశాను. పాత పిన్ను కన్నాలు వీటి మధ్యలో పడితే వదిలేయడమే. దారం వెన్ను పొడవుకి రెండున్నర రెట్లు చాలని అంటారు. అయిదు కన్నాల కుట్టుకి అది బొటాబొటీగా వస్తుంది, నేను మూడు రెట్లు కోశాను. కన్నాలకి పైనుంచి 1 నుంచి 5 అని అంకెలు వేసుకోండి:

1. 3లో లోపలినుంచి బయటికి. తోక దారం చేతివెడల్పంత వదలాలి.
2. బయటినుంచి 2లోకి.
3. లోపలినుంచి 1 ద్వారా బయటికి.
4. మళ్లీ బయటినుంచి 2లోకి.
5. లోపల 3ని దాటేసి, 4 ద్వారా బయటికి.
6. బయటినుంచి 5లోకి.
7. లోపలినుంచి మళ్లీ 4 ద్వారా బయటికి.
8. బయటినుంచి 3లోకి. రెండు కొసల్నీ 2, 4 మధ్య ఉన్న పొడవాటి దారానికి అటూ ఇటూ ఉంచి ముడి వేయాలి.

దారాన్ని వెన్ను వెంబడే లాగాలి. పైకి లాగితే కన్నం చీలుతుంది.

కుట్టినవి మంచం మీదకి వెళ్లాక తేలిన సంగతి: ముడి మధ్య పేజీలో ఉంది, మధ్య పేజీలో పెద్ద బొమ్మ ఉంటుంది, చిన్నోడి వేలు నేరుగా ముడి మీదకే పోతుంది. కథ వింటూ వింటూ గిల్లి గిల్లి విప్పేశాడు. అందుకని మిగతావాటికి పై ఎనిమిది మెట్లనీ తిరగేశాను. అంటే 3లో బయటినుంచి లోపలికి మొదలుపెట్టాను. ముడి వెన్ను మీదకి వచ్చింది, దానిమీద 30 మి.మీ. వెడల్పు కాలికో పట్టీ అతికించాను. ముడి కనబడదు, వెన్నుకి బలం. ఇది చేయాలనుకునేవాళ్లు మొదటినుంచే ఇలా చేయండి.

కొన్నిటిలో మడతే చీలిపోయి, ఒక షీటు రెండు విడి పేజీలైపోయింది. విడి పేజీని కుట్టలేం. రెండు పేజీల్నీ పక్కపక్కన ఒక మిల్లీమీటరు ఖాళీతో పెట్టి, మడత వెంబడి 15 మి.మీ. చేతి కాగితం పట్టీ లైతో అతికి, మళ్లీ మడిచాను. ఆ ఒక్క మిల్లీమీటరు వదలకపోతే మడిచినప్పుడు పట్టీ బిగుసుకుని, ఆ పేజీ మిగతావాటి కంటే బయటికి పొడుచుకొస్తుంది.

ఇక్కడే బూజు గొడవ వచ్చింది. అతికినవన్నీ సన్నికల్లు కింద పెట్టి మర్నాడు తీస్తే పేజీల మధ్య తేమ వాసన, ఒకదానిమీద చుక్కలు చుక్కలుగా బూజు. పొడి ఊళ్లలో రాసిన సలహాలు, రాత్రంతా బరువు కింద ఉంచమని చెప్పేవి, ఈశాన్య రుతుపవనం నడుస్తున్న అక్టోబరు, నవంబరుల్లో చెన్నైలో చెల్లవు. మార్చిన పద్ధతి: అతుకు పక్కన తెల్లకాగితం పెట్టి, అరగంటకోసారి ఆ కాగితం మార్చి, రెండు మూడు గంటలయ్యాక తీసి ఫ్యాను కింద విప్పార్చి నిలబెట్టి, పూర్తిగా ఆరాక మళ్లీ బరువు పెట్టడం. న్యూస్ పేపర్ పెడితే సిరా పేజీకి అంటుతుంది, వద్దు.

ఒక పుస్తకంలో మధ్య షీటే లేదు. అంటే నాలుగు పేజీల కథ మాయం. అత్తయ్య ఆ కథ కంఠతా చెప్తుంది కాబట్టి తెల్ల షీటు ఒకటి చేర్చి కుట్టి, అక్షరాలు ఆవిడ చెప్తే నేను రాశాను, బొమ్మలు పెద్దది వేసింది. ఏనుగు కాస్త పందిలా వచ్చింది. ఇప్పుడు చిన్నోడు ముందుగా తెరిచేది ఆ పేజీయే.

లేపు: కుట్టకముందు సగటున 20, కుట్టాక 13.
పూర్తయినవి: 27లో 16. ఖర్చు: 1,140.

దశ 4: జిగురు వెన్ను పుస్తకాలు

నన్ను ఎక్కువగా విసిగించినవి ఇవే. పర్‌ఫెక్ట్ బైండింగ్‌లో మడతలుండవు. విడి పేజీలన్నీ దొంతరగా పెట్టి, వెన్ను గరుకు చేసి, వేడి జిగురు పూస్తారు. జిగురు ముదిరాక ఒకచోట పగులుతుంది, అక్కణ్నుంచి పేజీలు గుంపులుగా రాలతాయి.

ముందు చేసింది: పాత జిగురు గీకి, పేజీలు సర్ది, వెన్ను మీద ఫెవికాల్ దట్టంగా పూసి ఆరబెట్టడం. రాయిలా గట్టిపడింది. లేపు 41. రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కితే మధ్యలో టప్పుమని పగిలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, ఎందుకంటే ఈసారి ఆ ఫెవికాల్‌ని గీకడానికి పాత జిగురు కంటే ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది. లై అయితే తడిపి తీసేయొచ్చు, ఫెవికాల్ ఆరాక తిరిగి కరగదు.

పనిచేసింది:

1. పేజీల దొంతరని రెండు పలకల మధ్య పెట్టి, వెన్నువైపు ఒక అంగుళం బయటికి ఉంచాలి.
2. ఆ అంగుళాన్ని ఒక పక్కకి విసనకర్రలా వంచి, పల్చగా జిగురు పూయాలి. ప్రతి పేజీ అంచుకీ వెంట్రుకవాసి జిగురు అందుతుంది.
3. ఇప్పుడు రెండో పక్కకి వంచి మళ్లీ పూయాలి.
4. నిటారుగా సర్ది, వెన్ను మీద గాజు గుడ్డ పెట్టి, దానిపై ఇంకో పూత.
5. అట్టని వెన్నుకి అతకకూడదు. రెండు పక్కలా 6 మి.మీ. మేర మాత్రమే పట్టించాలి.

జిగురు కూడా మార్చాను: ఫెవికాల్ రెండు వంతులు, లై ఒక వంతు. ఒట్టి ఫెవికాల్ మన వేడికి సర్దుకునేలోపే బిగుస్తుంది. లై కలిస్తే కాస్త టైమిస్తుంది. అయిదో మెట్టు తేలిగ్గా తీసుకోవద్దు. వెన్నుకి అట్ట అంటుకుని ఉంటే తెరిచినప్పుడు అది అడ్డుపడుతుంది, వదిలేస్తే పేజీలు స్వేచ్ఛగా వంగుతాయి.

లేపు: 22. కుట్టిన పుస్తకాల దరిదాపులకి రాదు, వచ్చేలా లేదు కూడా.

ఏడింటిలో ఆరు నిలబడ్డాయి. ఏడోది నున్నటి ఆర్ట్ పేపరు మీద అచ్చేసినది. జంతువుల ఫోటోలు, 48 పేజీలు, చిన్నోడికి ప్రాణం. ఆర్ట్ పేపరు పైపూత జిగురుని పీల్చుకోదు. పేజీని లాగితే జిగురుకి ఏమీ కాకుండా పేజీ ఒక్కటే శుభ్రంగా ఊడొస్తుంది. పక్కన పెట్టాను.

పూర్తయినవి: 27లో 22. ఖర్చు: 1,140.

దశ 5: కొత్తవి అచ్చేసుకోవడం

పాతవి ఆస్పత్రిలో ఉంటే రాత్రికి ఏం చదవాలి అన్న ప్రశ్న ఇంట్లో రోజూ వచ్చింది. మా పిల్లలకి బళ్లో తెలుగు లేదు, ఇంగ్లీషు, తమిళమే. తెలుగు కంటికి కనబడేది ఈ మంచం మీదే. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ లైసెన్సు కాబట్టి అచ్చేసుకోవచ్చు, అయితే రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లున్న చివరి పేజీ తీసేయకూడదు. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. ఒకటి, రెండు చిన్నోడికి, మూడు పెద్దది తానే చదివి వినిపించడానికి. అడ్డంగా ఉన్న పేజీలు ఏ5 (ఏ4లో సగం) సైజులోకి కుదిస్తే అక్షరం మరీ చిన్నదైపోతుంది, అందుకని నిలువు పేజీలవే ఆరు ఎంచుకున్నాను.

పేజీల అమరిక: పుస్తకం పేజీలు నాలుగు చేత భాగించబడాలి. 16 పేజీలకి నాలుగు ఏ4 షీట్లు. బయటి షీటు ఒకవైపు 16, 1, రెండోవైపు 2, 15. తర్వాత 14, 3 / 4, 13. తర్వాత 12, 5 / 6, 11. లోపలిది 10, 7 / 8, 9. పక్కపక్కనున్న రెండు అంకెలు కూడితే ఎప్పుడూ 17 రావాలి. ప్రింటు షాపులో డబ్బులిచ్చే ముందు ఈ కూడిక చేసి చూసుకుంటే చాలు.

ఒక కథలో అక్షరం పెంచి నేనే మళ్లీ టైపు చేశాను, మండలి ఫాంటులో 18 పాయింట్లు. ఫైలుని వర్డ్‌లోనే షాపుకి పంపితే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. ఇంకేదో ఫాంటు తగిలించుకుని 'చెట్టు'లో ట వత్తు పక్కకి జరిగి 'చెట్‌టు' అని పడింది, 'అమ్మ' 'అమ్‌మ' అయింది. పెద్దది అలాగే కూడబలుక్కుని చదివేసింది పాపం, తెలుగంటే ఇలాగే ఉంటుందనుకుని. ఆ సెట్టు చిత్తుకాగితాల్లోకి పోయింది. ఫాంటు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి పంపితే ఈ బెడద లేదు. ఇంకొకటి, తెలుగుకి వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి. పై వరస వత్తులూ కింది వరస గుడులూ ఢీకొంటే, వేలు పెట్టి చదివే పిల్లలు వరస తప్పిపోతారు. 18 పాయింట్ల అక్షరానికి 30 పాయింట్ల వరస పెట్టాను.

అసలు విషయం కాగితం పోగు. కాగితంలో పోగులు ఒక దిశగా పడుకుని ఉంటాయి. ఆ దిశ వెన్నుకి సమాంతరంగా ఉంటే పేజీ మెత్తగా వాలుతుంది, అడ్డంగా ఉంటే నిలబడుతుంది. మామూలు ఏ4 కాగితంలో పోగు ఎక్కువగా పొడుగు వైపుకి ఉంటుంది. దాన్ని ఏ5కి మడిస్తే మడత పోగుకి అడ్డంగా పడుతుంది. మొదటి సెట్టు ఇలాగే వచ్చింది. లేపు 31, కుట్టు బాగానే ఉన్నా.

పోగు కనుక్కోవడానికి షీటుని మడవకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి అరచేత్తో నొక్కి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే ఆ వంపు గీత వెంబడి పోగు ఉన్నట్టు.

దీనికి పరిష్కారం ఆండర్సన్ స్ట్రీట్‌లోనే దొరికింది. 25×36 అంగుళాల పెద్ద షీట్లు, 100 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకి 100 గ్రాములు), పోగు 36 అంగుళాల వైపుకి ఉన్నవి తీసుకుని, ఏ4 పొట్టి వైపు (210) ఆ 36 అంగుళాల వెంబడి వచ్చేలా కోయించాను. ఒక షీటుకి ఎనిమిది ఏ4లు వస్తాయి. "ఎటు కోస్తే ఏముందమ్మా, ఏ4 ఏ4యే కదా" అని కటింగ్ మిషను దగ్గరాయన తమిళంలో నవ్వాడు గానీ అడిగినట్టే కోశాడు. మన కాగితం మీద ప్రింటు వేయడానికి అన్ని షాపులూ ఒప్పుకోవు, మిషన్‌లో ఇరుక్కుంటుందని భయం. ముందే అడిగి వెళ్లండి.

అదే కథ, అదే మందం, అదే కుట్టు. పోగు అడ్డంగా ఉంటే 31, సరిగ్గా ఉంటే 12.

తిరువాన్మియూర్‌లో తారా బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల బుక్ బిల్డింగ్‌కి వెళ్తే స్క్రీన్ ప్రింటింగ్ చేసి చేత్తో కుట్టిన పుస్తకాలు విప్పి చూడొచ్చు. చేత్తో కుట్టినది ఎలా వాలుతుందో చెప్పడం కంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించడం సులువు.

ఖర్చు: కాగితం, కోత 140. ఆరు పుస్తకాల కలర్ ప్రింటు, ఒక్కోటి 80 చొప్పున 480. పాడైన రెండు సెట్లు 160. మొత్తం 780.
ఇప్పటికి: 1,920 రూపాయలు. మరమ్మతు 22, కొత్తవి 6.

దశ 6: చందమామల కట్ట

చందమామ 1947 జులైలో ఇక్కడే, అప్పటి మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నడిపారు. మా కట్ట 1970ల నాటిది, అంటే కొడవటిగంటి కుటుంబరావు గారు అందులో పనిచేస్తున్న కాలం. ఆ వాక్యాలు పైకి చదవడానికి ఎంత హాయిగా ఉంటాయో అత్తయ్య చదువుతుంటే తెలుస్తుంది. ఎక్కడా ఊపిరి తడబడదు. బేతాళ కథలన్నీ ఒకేలా మొదలవుతాయి కాబట్టి ఆ మొదటి వాక్యం ముగ్గురూ కలిసి అంటారు, తర్వాతే ఆవిడ ముందుకెళ్తుంది.

పన్నెండు సంచికల్ని అప్పట్లో అత్తయ్య వాళ్ల ఊరి బైండరు దొంతరగా పెట్టి, పక్కనుంచి దబ్బనంతో పొడిచి కుట్టాడు. గట్టితనానికి పేరు పెట్టక్కర్లేదు. కానీ ఆ కుట్టు వెన్ను నుంచి 12 మి.మీ. లోపలికి ఉంది. ఎడమ పేజీల్లో ప్రతి వరస చివరి అక్షరం, కుడి పేజీల్లో మొదటి అక్షరం లోపలికి పోయాయి. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడి కత్తి కొస కుట్టు కింద దాక్కుంది. లేపు కొలవలేదు, ఎందుకంటే చేయి తీస్తే పుస్తకం తనంతట తానే మూసుకుంటుంది. బరువు వంటింటి కాటా మీద 1.7 కిలోలు.

"అమ్మాయ్, విప్పడం సరే, మళ్లీ కట్టగలవా? అది మా నాన్న కట్టించింది" అంది అత్తయ్య. అందుకే దీన్ని అన్నిటికంటే చివర్లో ముట్టుకున్నాను.

1. దారం ఒకేసారి లాగకుండా ప్రతి కుట్టునీ విడిగా కోసి, ముక్కలు ముక్కలుగా తీశాను.
2. తుప్పు పిన్నులు తీశాను. మధ్య షీట్లకి కాగితం పట్టీలు వేశాను. పాత దబ్బనం కన్నాల్ని పూడ్చలేదు, పూడిస్తే అంచు లావవుతుంది.
3. ఆరేసి సంచికల చొప్పున రెండు పుస్తకాలుగా విడగొట్టాను. ఒక్కోటి 850 గ్రాముల చుట్టూ వచ్చింది, పిల్లల ఒళ్లో ఆగుతుంది.
4. ప్రతి సంచికనీ ఒక ఫారంగా తీసుకుని, వెన్నుకి అడ్డంగా మూడు నూలు నాడాలు పెట్టి, మడతలోంచి కుట్టుకుంటూ పోయాను. ఒక సంచిక చివరికి రాగానే సూదిని కింది సంచిక కుట్టులోంచి పోనిచ్చి ముడి వేస్తే రెండూ కలిసిపోతాయి.
5. నాడాల కొసలు అట్టలకి అతికి, పైన కాలికో.

అత్తయ్య తమ్ముడు చిన్నప్పుడు ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీల్లో పెన్సిలుతో తన వ్యాఖ్యలు రాసి పెట్టాడు. శుభ్రం చేసేటప్పుడు వాటి జోలికి పోలేదు. ఇప్పుడు మా పిల్లలు ఆ వ్యాఖ్యని చేత్తో మూసి తమది చెప్తారు, తర్వాత చెయ్యి తీసి మామయ్యది చదువుతారు. మామయ్య చాలాసార్లు ఓడిపోతున్నాడు.

లేపు: 14. కత్తి కొస బయటపడింది.
ఖర్చు: నాడా 30, బోర్డు 60, లోపలి కాగితాలు 50. ఇప్పటికి: 2,060 రూపాయలు. పూర్తయినవి: 27లో 23.

దశ 7: బోర్డు పుస్తకాలు, మిగిలిన పని

బోర్డు పేజీలు రెండు పొరలుగా విడిపోతాయి. మధ్యలో తడి జిగురు పూస్తే ఒక పొర ఉబ్బి అట్ట వంకర తిరుగుతుంది. జిగురు వీలైనంత తక్కువ, రెండు పొరలకీ సమానంగా పూసి వెంటనే సన్నికల్లు కింద పెట్టాలి. బట్టల క్లిప్పులు పెడితే పళ్ల గాట్లు మిగిలాయి. విరిగిన కీలు దగ్గర బయటివైపు 40 మి.మీ. కాలికో పట్టీ వేశాను, పుస్తకం మూసి ఉండగా. తెరిచి ఉండగా వేస్తే పట్టీ పొట్టిదై పుస్తకం మూసుకోదు. రెండు బాగుపడ్డాయి. మూడోదాని మూల చిన్నోడి పళ్లకి పిండైపోయింది, అది అలాగే ఉంటుంది.

పూర్తయినవి: 27లో 25, కొత్తవి 6. ఖర్చు: 2,060.

ఇక మిగిలింది ఆ ఆర్ట్ పేపరు జంతువుల పుస్తకం. 48 పేజీలంటే 24 ఆకులు. రెండేసి ఆకుల్ని పట్టీతో జత చేస్తే 12 షీట్లు, మూడేసి షీట్లకి ఒక ఫారం, నాలుగు ఫారాలు. లై అంటుకోవడానికి ప్రతి ఆకు లోపలి అంచునీ సన్న ఉప్పుకాగితంతో 3 మి.మీ. గీకాలి. రెండు ఆకుల మీద చేసి చూశాను, పట్టింది. పట్టీలు 12 చింపి పెట్టుకున్నాను, ఉప్పుకాగితం ఇంకో షీటు కావాలి. అప్పటిదాకా ఆ పుస్తకానికి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచాను. చిన్నోడు రోజూ రాత్రి అవి తీసి, పులి పేజీ వెతికి ఇస్తున్నాడు.